హాలిఫాక్స్ కౌన్సిల్‌కు: నంబర్లుగా మిగిలిపోయిన టైటానిక్ మృతుల గురించి

హాలిఫాక్స్ ప్రాంతీయ మున్సిపాలిటీ మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు, నోవా స్కోషియా ఆర్కైవ్స్ అధికారులకు, మౌంట్ ఆలివెట్, బారన్ డి హిర్ష్ శ్మశానవాటికలను చూసుకుంటున్న పెద్దలకు,

నమస్కారం.

మీ నగరంలోని మూడు శ్మశానవాటికల్లో టైటానిక్ ప్రమాదంలో చనిపోయిన 150 మంది ఉన్నారు. ఫెయిర్‌వ్యూ లాన్‌లో 121 మంది, మౌంట్ ఆలివెట్‌లో 19 మంది, బారన్ డి హిర్ష్‌లో 10 మంది. ఒక్క ఫెయిర్‌వ్యూలోనే దాదాపు మూడో వంతు రాళ్ల మీద పేరు లేదు. 1912 ఏప్రిల్ 15 అన్న తేదీ ఉంది, ఒక నంబరు ఉంది. అంతే. వాళ్లెవరో తెలుసుకునే పనిని మళ్లీ చేపట్టమని, ఈసారి పారతో కాకుండా కాగితాలతో మొదలుపెట్టమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఇదే విషయం ఇంగ్లీషులో మీకు విడిగా పంపాను. తెలుగులో కూడా అందరి ముందు పెట్టడానికి కారణం ఉంది. కెనడాలోని ఈ హాలిఫాక్స్‌లో ఇప్పుడు తెలుగువాళ్లం బాగానే ఉన్నాం. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఉన్నారు, ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే తీసుకెళ్లి చూపించే చోట్లలో ఫెయిర్‌వ్యూ ఒకటి. అక్కడ నిలబడి ఫొటోలు తీసుకునే మా వాళ్లకు ఆ నంబర్ల వెనక ఏముందో తెలియాలి. తెలిస్తే వాళ్లూ నాతో పాటు మిమ్మల్ని అడుగుతారని నా నమ్మకం.

ఆ నంబర్లు ఎలా వచ్చాయో మీకు తెలిసిందే. మా వాళ్ల కోసం చెబుతున్నాను. ఓడ మునిగిన రెండు రోజులకు, ఏప్రిల్ 17న, వైట్ స్టార్ లైన్ కంపెనీ అద్దెకు తీసుకున్న మెకే-బెనెట్ అనే ఓడ హాలిఫాక్స్ నుంచి బయల్దేరింది. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లు వేసే, వాటిని బాగుచేసే ఓడ అది. ఆ ప్రయాణానికి మాత్రం అందులోకి ఐసు, శవపేటికలు, ఎంబామింగ్ సామాను, అంటే శవాలు పాడవకుండా వాడే మందులు ఎక్కించారు. శవాలు పాడవకుండా చూసే మనిషి ఒకరు, అంత్యక్రియలు జరిపించే మతగురువు ఒకరు వెంట వెళ్లారు. అనుకున్న దానికన్నా ఎంతో ఎక్కువ మంది లైఫ్‌ జాకెట్లతో నీళ్ల మీద తేలుతూ కనిపించారు. ఆ ఒక్క ఓడే 306 మందిని పైకి తీసింది. తర్వాత వెళ్లిన మీనియా, మాంట్‌మాగ్నీ, ఆల్జెరీన్ ఓడలతో కలిపి మొత్తం 328 మంది. ఆ రాత్రి చనిపోయినవాళ్లు దాదాపు 1,500 మంది. మిగతావాళ్లలో దాదాపు అందరూ సముద్రంలోనే ఉండిపోయారు.

ఈ పనికి ఒక పద్ధతి ఏర్పరచిన మనిషి జాన్ హెన్రీ బార్న్‌స్టెడ్. అప్పట్లో మరణాల రిజిస్ట్రార్. శవం పైకి రాగానే దానికి ఒక నంబరు కట్టాలి. వయసు అంచనా, జుట్టు రంగు, ఎత్తు, మచ్చలు, పచ్చబొట్లు, ఒంటి మీదున్న బట్టలు, బట్టల మీద కుట్టిన అక్షరాలు, జేబుల్లో దొరికినవి, అన్నీ రాయాలి. ఆ మనిషి వస్తువుల్ని అదే నంబరు వేసిన కాన్వాసు సంచిలో పెట్టాలి. మొహం గుర్తుపట్టలేకపోయినా, పేరు తెలియకపోయినా, సంచి చూసి రేపు ఎవరో ఒకరు ‘ఇది మా వాడిది’ అనగలగాలి. 1912లో ఇలా ఆలోచించినవాళ్లు తక్కువ. ఇది చెప్పేటప్పుడు నాకు ఆయన మీద గౌరవం దాచుకోవాలని లేదు. ఏ నౌకా ప్రమాదంలోనైనా శవాల్ని ఒడ్డుకు చేర్చి మట్టి చేయడమే గొప్ప అనుకునే రోజుల్లో, వాళ్లను ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని ఆయన ముందే అనుకున్నాడు.

మీ తీరానికే చెందిన పాత ప్రమాదంతో పోల్చి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. 1873 ఏప్రిల్ 1న అదే వైట్ స్టార్ లైన్ కంపెనీ ఓడ అట్లాంటిక్ హాలిఫాక్స్‌కు దగ్గర్లో రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. ఐదు వందల మందికి పైగా చనిపోయారు. ఆడవాళ్లలో ఒక్కరూ బతకలేదు. పిల్లల్లో ఒకే ఒక్క అబ్బాయి బతికాడు. టెరెన్స్ బేలో 277 మందిని ఒకే గోతిలో పూడ్చారు. అక్కడ నంబర్లు కూడా లేవు. ఈ రోజు ఎవరైనా ఆ గోతి దగ్గరకు వెళ్లి మా ముత్తాత ఎక్కడ అని అడిగితే చెప్పగలిగింది ఏమీ లేదు. ఫెయిర్‌వ్యూలో అలా కాదు. నంబరు ఉంది, దాని వెనక ఒక కాగితం ఉంది. ఆ కాగితాలు మీ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి.

అయితే ఆ నంబర్లు పడిన తీరులో న్యాయం లేదు. ఇది చెప్పకుండా దాటిపోతే ఈ లేఖకు అర్థం ఉండదు. మెకే-బెనెట్ మీద మొదటి తరగతి ప్రయాణికుల శవాల్ని పేటికల్లో పెట్టారు. రెండో, మూడో తరగతివాళ్లను కాన్వాసు గుడ్డలో చుట్టారు. ఓడ పనివాళ్లను ఐసు మీద పడుకోబెట్టారు. ఎంబామింగ్ ద్రవం చాలలేదు. ఎంబామింగ్ చేయని శవాన్ని రేవుకు తీసుకురాకూడదని నిబంధన. దాంతో 116 మందిని అక్కడే, బరువు కట్టి, మళ్లీ సముద్రంలో వదిలేశారు. వాళ్లలో ఎక్కువ మంది మూడో తరగతి ప్రయాణికులు, ఓడ పనివాళ్లు. బాగా డబ్బున్నవాడి శవం లేకపోతే ఆస్తి తగాదాలు వస్తాయని, పేదవాడికి ఆ ఇబ్బంది లేదని ఆనాటి లెక్క.

124వ నంబరు అమెరికా కోటీశ్వరుడు జాన్ జేకబ్ ఆస్టర్‌ది. కాలరు మీద కుట్టిన ఆయన పేరు పొడి అక్షరాలు చూసి గుర్తుపట్టారు. కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. బాయిలర్ల దగ్గర బొగ్గు మోసేవాడి కాలరు మీద పేరెవరు కుడతారు? చాలామంది పని బట్టల్లోనే సముద్రంలో పడ్డారు. సౌతాంప్టన్ నగరం ఒక్కటే ఆ రాత్రి ఐదు వందల మందికి పైగా మనుషుల్ని పోగొట్టుకుంది, వాళ్లలో అత్యధికులు ఓడ పనివాళ్లే. హాలిఫాక్స్‌కు చేరిన 209 శవాల్లో 59 మందిని బంధువులు తీసుకెళ్లారు. అట్లాంటిక్ దాటించి శవాన్ని ఇంటికి తెప్పించుకునే శక్తి ఎన్ని ఇళ్లకు ఉంటుంది? మిగిలిన 150 మంది ఇక్కడే ఉండిపోయారు. సమాధుల మీది గ్రానైట్ రాళ్లకు డబ్బు ఓడ కంపెనీ ఇచ్చింది. పెద్ద రాయి కావాలంటే కుటుంబమే పెట్టుకోవాలి.

ఇప్పుడు 4వ నంబరు గురించి చెప్పాలి. ఈ మొత్తం విషయంలో నాకు దారి చూపించింది ఆ కాగితమే.

మెకే-బెనెట్ తీసిన నాలుగో శవం ఒక మగపిల్లవాడిది. రికార్డులో ఇలా ఉంది: వయసు సుమారు రెండేళ్లు, లేత రంగు జుట్టు, మెడ దగ్గర, చేతుల దగ్గర బొచ్చు కుట్టిన బూడిద రంగు కోటు, గోధుమ రంగు గౌను, లోపల గులాబీ రంగు ఉన్ని బనీను, గోధుమ రంగు బూట్లు, మేజోళ్లు. గుర్తులేవీ లేవు. బహుశా మూడో తరగతి. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఓడ నావికులే తమ డబ్బుతో రాయి వేయించారు, మే 4న వాళ్లే మోసుకెళ్లి పాతిపెట్టారు. రాయి మీద ‘తెలియని బిడ్డ’ అని చెక్కించారు.

ఆ బిడ్డ స్వీడన్ పిల్లవాడు గోస్టా పాల్సన్ అని చాలాకాలం నమ్మారు. నలుగురు పిల్లలతో కలిసి షికాగోలో ఉన్న భర్త దగ్గరకు బయల్దేరిన ఆల్మా పాల్సన్ కొడుకు. ఐదుగురూ చనిపోయారు. తల్లి శవం దొరికింది, 206వ నంబరు. ఆ సమాధి పిల్లవాడి సమాధికి దగ్గర్లోనే ఉంది. 2001లో కుటుంబాల అనుమతితో మూడు సమాధులు తవ్వారు. రెండింటిలో ఏమీ మిగల్లేదు. ఆ నేలలోని నీరు, ఆమ్లం ఎముకల్ని కూడా కరిగించేశాయి. పిల్లవాడి సమాధిలో మాత్రం ఆరు సెంటీమీటర్ల ఎముక ముక్క, మూడు పళ్లు దొరికాయి. డీఎన్ఏ పరీక్షలో గోస్టా కాదని తేలింది. 2002లో ఫలితం ప్రకటించారు: ఫిన్లాండ్‌కు చెందిన 13 నెలల ఐనో పానులా. తల్లి, ఐదుగురు కొడుకులు ఆ ఓడలో పోయిన కుటుంబం అది.

ఆ తర్వాత బూట్లు బయటికొచ్చాయి. 1912లో మృతుల బట్టల్ని జ్ఞాపికలుగా ఎత్తుకెళ్లకుండా కాల్చేయమని ఆదేశించారు. కాపలా ఉన్న ఒక పోలీసు సార్జెంటుకు ఆ చిన్న బూట్లను మంటలో వేయడానికి మనసొప్పలేదు. దాచాడు. ఆయన మనవడు 2002లో వాటిని మీ మారిటైమ్ మ్యూజియానికి ఇచ్చాడు. 13 నెలల పిల్లవాడికి అవి పెద్దవి. సందేహం వచ్చింది. అమెరికా సైన్యానికి చెందిన డీఎన్ఏ ప్రయోగశాల సాయంతో మరింత లోతుగా పరీక్షిస్తే, ఫిన్లాండ్ కుటుంబంతో తేడా కనిపించింది, ఒక ఇంగ్లీషు కుటుంబంతో కలిసింది. 2007లో అసలు పేరు తెలిసింది: సిడ్నీ లెస్లీ గుడ్విన్, 19 నెలలు. తల్లి, తండ్రి, ఆరుగురు పిల్లలు, ఎనిమిది మందీ పోయిన ఇల్లు. వాళ్లలో శవం దొరికి గుర్తించగలిగింది ఈ చిన్నవాడిని ఒక్కడినే.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మిమ్మల్ని కోరుతున్నాను. 1912లో ఓడ మీద ఎవరో గుమాస్తా ‘సుమారు రెండేళ్లు, గోధుమ రంగు బూట్లు’ అని రాశాడు. 95 ఏళ్ల తర్వాత తేలిన నిజం దానికే దగ్గరగా ఉంది. మధ్యలో వచ్చిన తప్పు ఫలితాన్ని పట్టించింది ఒక జత బూట్లు. శాస్త్రవేత్తలను తక్కువ చేయడం లేదు, తప్పును తామే ఒప్పుకుని దిద్దుకున్నారు, అది గొప్ప సంగతి. డీఎన్ఏ ఒక్కటే చాలదు, అది ఎవరితో పోల్చాలో, వచ్చిన జవాబు సరైనదో కాదో చెప్పేది ఆ పాత కాగితాలు, వస్తువులు. 1991లో పరిశోధకులు రికార్డుల్ని పోల్చి చూసి ఆరుగురి పేర్లు కనిపెట్టారు, ఆ ఆరు రాళ్ల మీద పేర్లు చెక్కారు. అందుకోసం ఒక గుప్పెడు మట్టి కూడా తీయలేదు.

నేనెవరిని, నాకెందుకు అని అడగవచ్చు. మా అమ్మమ్మ వాళ్లది కృష్ణా జిల్లా దివిసీమ. 1977 నవంబర్ 19న అక్కడ ఉప్పెన వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఒక్క రాత్రిలో పోయాయి, వేలమంది చనిపోయారు. ఎవరు ఎవరో చెప్పేవాళ్లు లేక శవాల్ని కుప్పలుగా దహనం చేశారు. అమ్మమ్మ తమ్ముడు ఆ రాత్రి పోయాడు, శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించారు, మాలో శవం దొరకనప్పుడు అలాగే చేస్తారు. అమ్మమ్మ ఆ తర్వాత కూడా ఎవరైనా ‘ఫలానా చోట ఒక మనిషి ఉన్నాడు, తన ఊరు చెప్పలేకపోతున్నాడు’ అంటే మనిషిని పంపించి కనుక్కునేది. ఆ ఊళ్లో ఒక బార్న్‌స్టెడ్ ఉండి ఉంటే, చొక్కా రంగు, మొలతాడు, చెవి పోగు, ఏదో ఒకటి రాసి పెట్టి ఉంటే, ఆమెకు ఆ వెతుకులాట కొంత తగ్గేది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు కూడా అంతే. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం గారి బృందం బోటును పైకి తీసేదాకా అయినవాళ్లు ఎదురుచూశారు. బట్టలు చూసి, చేతికున్న గుర్తులు చూసి శవాల్ని గుర్తుపట్టుకోవాల్సి వచ్చింది. శవం మీదున్న చీర అంచు ఒక ఇంటికి ఎంత ముఖ్యమో మాకు తెలుసు. అందుకే ఈ విషయం నాకు పరాయిది కాదు.

మీ నగరానికి ఈ పని కొత్త కాదు. 1917 డిసెంబర్ 6న రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు రెండు వేల మంది పోయినప్పుడు, బార్న్‌స్టెడ్ గారి కొడుకు ఆర్థర్ తండ్రి పద్ధతినే మళ్లీ వాడారు. చెబక్టో రోడ్డు బడిలో శవాల్ని ఉంచి, నంబర్లు వేసి, వస్తువుల్ని సంచుల్లో పెట్టి, గుర్తింపు పని నడిపించారు. 1998 సెప్టెంబర్ 2న స్విస్ఎయిర్ 111 విమానం పెగ్గీస్ కోవ్ దగ్గర సముద్రంలో పడింది, 229 మంది పోయారు. ఆ శవాల పరిస్థితి మీకు నేను గుర్తు చేయక్కర్లేదు. అయినా డీఎన్ఏతో, దంతాల రికార్డులతో, వేలిముద్రలతో, ఎక్స్‌రేలతో 229 మందినీ గుర్తించారు. ఒక్కరినీ వదల్లేదు. ఆ పని చేసిన ప్రావిన్స్‌కు, 1912లో తను మొదలుపెట్టిన పనిని పూర్తి చేయడం శక్తికి మించింది కాదు.

నేను అడిగేవి ఇవి.

ముందుగా, ఫెయిర్‌వ్యూలో పేరు లేని ప్రతి రాయి దగ్గర, ఆ నంబరు కింద 1912లో రాసిన వివరాలు చదువుకునేలా పెట్టండి. చిన్న పలక పెడతారో, రాళ్ల వరస మొదట్లో ఒక పెద్ద బోర్డు పెడతారో మీ ఇష్టం. వయసు, జుట్టు, పచ్చబొట్టు, బట్టలు, జేబులో దొరికినవి. ఇప్పుడు అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది 227వ నంబరు దగ్గర ఆగుతారు. అది జె. డాసన్ అనే బొగ్గు కార్మికుడి సమాధి. 1997లో వచ్చిన సినిమాలో హీరో పేరు అదే కావడంతో పూలు అక్కడ పెడతారు. సినిమా హీరో కాకపోయినా అతనూ ఒక ఇంటి బిడ్డే కాబట్టి ఆ పూల మీద నాకు అభ్యంతరం లేదు. పక్క రాయి దగ్గర కూడా ఒక మనిషి ఉన్నాడని తెలియడానికి, ‘చేతి మీద పచ్చబొట్టు, నీలం చొక్కా’ అన్న రెండు ముక్కలు చాలు. జనం ఆగుతారు, చదువుతారు. చదివినవాళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో ఒక పాత ఉత్తరం ఉండవచ్చు.

ఈ వివరాలు ఇంగ్లీషులో మాత్రమే ఉంటే సరిపోదు. ఆ ఓడ మూడో తరగతిలో ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఐర్లండ్‌లోని ఆడర్‌గూల్ ప్రాంతం నుంచి 14 మంది కలిసి ఎక్కితే 11 మంది పోయారు. బల్గేరియాలోని గుమోష్ట్నిక్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఎనిమిది మంది మగవాళ్లు పోయారు. ఇప్పటి లెబనాన్ కొండ ఊళ్ల నుంచి కుటుంబాలు వచ్చాయి. స్వీడన్, ఫిన్లాండ్, క్రొయేషియా నుంచి వచ్చారు. అరబిక్ పేరును ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసుకుంటే, ఆ పేరు వాళ్ల ఊళ్లో ఎవరికీ అర్థం కాకుండా పోయింది. అందుకే గుర్తుతెలియని మృతుల వివరాలన్నీ అరబిక్, బల్గేరియన్, స్వీడిష్, ఫిన్నిష్, క్రొయేషియన్ భాషల్లోకి తర్జుమా చేయించి అందరికీ అందుబాటులో ఉంచండి. ఆ దేశాల్లోని ఊళ్ల చర్చిలకు, పంచాయతీలకు పంపండి.

ప్రకటించడం వల్ల ఫలితం వస్తుందనడానికి మీ బారన్ డి హిర్ష్ శ్మశానవాటికలోనే సాక్ష్యం ఉంది. అక్కడ ‘హాఫ్‌మన్’ అనే యూదుడిగా భావించి ఒకరిని పాతిపెట్టారు. ఆయన అసలు పేరు మిషెల్ నవ్రతిల్, నీస్ నగరంలో దర్జీ, క్యాథలిక్. భార్యతో విడిపోయి, ఇద్దరు కొడుకుల్ని తీసుకుని, దొంగ పేరుతో ఓడ ఎక్కాడు. పిల్లలిద్దరూ బతికి న్యూయార్క్ చేరారు, తామెవరో చెప్పుకోగలిగే వయసు కాదు. పత్రికల్లో వాళ్ల ఫొటోలు చూసి నీస్‌లో ఉన్న తల్లి గుర్తుపట్టింది. దాంతో పిల్లల గుర్తింపు తెలిసింది, తండ్రి అసలు పేరూ తెలిసింది. పెద్ద కొడుకు 1996లో, ముసలితనంలో, మొదటిసారి హాలిఫాక్స్ వచ్చి తండ్రి సమాధి చూశాడు. సముద్రానికి అవతల ఉన్న తల్లికి ఆ ఫొటో చేరడం వల్లే ఇదంతా జరిగింది. ఇప్పుడు ఫొటోలు లేవు, కానీ ఆ కాగితాల మీద రాసి ఉన్నవి ఉన్నాయి.

రెండోది, మృతుల కుటుంబాల నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకుని దాచే ఏర్పాటు ఇప్పుడే చేయండి. ఇది ఆలస్యం చేయడానికి వీల్లేని పని. ఇలాంటి పాత ఎముకల్లో ఎక్కువగా దొరికేది తల్లి నుంచి బిడ్డలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ. కొడుకులకు కూడా తల్లి నుంచి వస్తుంది కానీ వాళ్ల నుంచి వాళ్ల పిల్లలకు వెళ్లదు. అంటే చనిపోయిన మనిషి అక్కచెల్లెళ్ల కూతుళ్లు, వాళ్ల కూతుళ్లు, ఇలా ఆడవాళ్ల వరసలో ఇప్పుడున్నవాళ్లు దొరకాలి. ఆ వరసలో చివరి మనిషి ఈ రోజు ఎనభై ఏళ్ల ముసలామె అయితే, ఆమె పోయాక ఆ దారి మూసుకుపోతుంది. సిడ్నీ విషయంలో ఇలాంటి బంధువుల్ని వెతికి పట్టుకోవడమే సగం పని. తవ్వాలా వద్దా అన్న నిర్ణయం పదేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు. నమూనా మాత్రం ఆ మనిషి ఉండగానే తీసుకోవాలి.

మూడోది తవ్వకం. దీని మీద నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. కాగితాల ద్వారా ఒక నంబరు ఫలానా మనిషిదేమోనని బలంగా తోచినప్పుడు, ఆ మనిషి కుటుంబం స్వయంగా అడిగినప్పుడు, పోల్చడానికి నమూనా సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రమే తవ్వండి. 2001లో మూడింటిలో రెండు సమాధులు ఖాళీగా ఉన్నాయని మరిచిపోవద్దు. నేల వాళ్లను తనలో కలిపేసుకుంది. అన్నీ తవ్వి చూద్దాం అనేవాళ్లు ఉంటే వాళ్ల మాట వినవద్దు. బారన్ డి హిర్ష్‌లో ఉన్నవాళ్ల విషయంలో యూదుల ధర్మం సమాధిని కదిలించడానికి ఒప్పుకోదు, దానికి కట్టుబడి ఉండాలి. అక్కడ కాగితాల పని ఒక్కటే చేయాలి.

సముద్రంలో మళ్లీ వదిలిన 116 మందిని కూడా కలుపుకోండి. వాళ్లలో కొందరికి పేర్లు తెలుసు, కొందరికి తెలియదు. వాళ్లకు సమాధి లేదు, తవ్వడానికి ఏమీ లేదు. కానీ వాళ్ల గురించి కూడా నంబరు వేసి రాసిన కాగితాలు ఉన్నాయి. ఫెయిర్‌వ్యూలోని రాళ్ల దగ్గర ఈ పని చేసి వీళ్లను వదిలేస్తే, మెకే-బెనెట్ డెక్కు మీద జరిగిన తరగతుల లెక్కనే మనం మళ్లీ వేసినట్టవుతుంది.

‘వందేళ్లు దాటిపోయింది, వాళ్లను ప్రశాంతంగా ఉండనివ్వండి’ అనేవాళ్లున్నారు. ఆ మాటలో ఉన్న మర్యాదను నేను గుర్తిస్తాను. కానీ ఆ మాట అనే హక్కు ఆ కుటుంబాలకు ఉంది. ఏ కుటుంబమో తెలియనప్పుడు ఆ హక్కు ఎవరి దగ్గర ఉన్నట్టు? ముందు వాళ్లెవరో తెలియాలి, ఆ తర్వాత రాయి మీద పేరు చెక్కాలా, అలాగే ఉంచాలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. నన్ను అడిగితే, తెలిసిన పేరును ఆ కుటుంబం రాసుకునే పద్ధతిలోనే చెక్కాలి. 1912లో ఓడ ప్రయాణికుల జాబితాలో తప్పుగా పడిన పేరును మళ్లీ రాతి మీద ఎక్కించకూడదు.

ఖర్చు గురించి కూడా ఒక మాట. టూరిస్టు బస్సులు రోజూ ఫెయిర్‌వ్యూకి వస్తాయి. వేసవిలో, శరదృతువులో రేవుకొచ్చిన పెద్ద ఓడల నుంచి జనం దిగి నేరుగా అక్కడికి వెళ్తారు. ఈ మృతుల పేరు మీద నగరానికి ఆదాయం ఉంది. అందులో కొంత వాళ్ల కోసమే ఖర్చు పెట్టమని అడగడం అన్యాయం అనిపించుకోదు.

ఈ ఊళ్లో ఉన్న తెలుగు విద్యార్థులకు, కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. రికార్డుల్ని టైప్ చేయడానికి, పేర్ల స్పెల్లింగులు పోల్చడానికి, పాత జనాభా లెక్కలు వెతకడానికి మనుషులు కావాలి. కంప్యూటర్ల మీద పని చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కౌన్సిల్ ఒప్పుకుంటే వారానికి కొన్ని గంటలు ఇవ్వగలిగినవాళ్లు ముందుకు రండి. మన ఇళ్లలో ఉప్పెనలు చూసినవాళ్లు, గోదావరి ఒడ్డున ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. ఆ ఎదురుచూపు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కౌన్సిల్ సభ్యులకు నా విన్నపం: ఈ విషయాన్ని మీ సమావేశంలో చర్చకు పెట్టండి. ఆర్కైవ్స్, మ్యూజియం, మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయం, మూడు శ్మశానవాటికల పెద్దలు కూర్చుని మాట్లాడే ఒక చిన్న కమిటీ వేయండి. కుటుంబాలు ఉత్తరం రాయడానికి ఒకే చిరునామా ఉండాలి. ఇప్పుడు లెబనాన్‌లోనో ఐర్లండ్‌లోనో ఉన్న మనిషికి ఎవరికి రాయాలో తెలియదు. అన్నీ ఒకేసారి కాకపోయినా, వచ్చే ఏప్రిల్ 15 నాటికి ఫెయిర్‌వ్యూలోని పేరులేని రాళ్ల వివరాల బోర్డు ఒక్కటైనా పెట్టండి. దానికి కావలసిన రాతపని, సరిచూసే పని నేను, నా స్నేహితులు డబ్బు తీసుకోకుండా చేసి ఇస్తాం.

మీ సమాధానం కోసం ఎదురుచూస్తూ,

హాలిఫాక్స్‌లో ఉంటున్న ఒక తెలుగు మనిషి